చిట్టా–ఆవర్జా 14: సూరత్ నాణెం, ఎవరూ చదవని కోడ్

గత సంచికలో విర్జీ వోరా కొఠీ దగ్గర ఆగాం. 17వ శతాబ్దపు సూరత్‌లో ఆ జైన వర్తకుడి హుండీ చేతిలో ఉంటే చాలు, ఆగ్రాలోనో బుర్హాన్‌పూర్‌లోనో మన గోల్కొండలోనో రొక్కం పుట్టేది. ఈస్టిండియా కంపెనీ దొరలే అతని దగ్గర వడ్డీకి తెచ్చుకున్నారు. 1664లో శివాజీ సేనలు ఊరి మీద పడ్డప్పుడు అతని ఇల్లూ లూటీ అయింది. అయినా ఆ తర్వాత కొన్నేళ్లు వ్యాపారం సాగింది. ఇంట్లో సొమ్ము పోయినా బజార్లో పేరు పోలేదు.

ఈసారి మూడున్నర శతాబ్దాలు దాటి అదే ఊరికి వస్తున్నాం. హుండీ రాసినవాడి పేరు చూసి కాకుండా, కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను నమ్మి డబ్బు చేతులు మారే కాలానికి వచ్చాం. ఆ ప్రోగ్రామ్‌ను రాసేదెవరు? రాశాక కనిపెట్టుకుని ఉండేదెవరు? అందులో బొక్కలు బయటపడితే రాత్రికి రాత్రి పూడ్చేదెవరు? లెక్కల పుస్తకాల చరిత్రలో ఈ పనివాళ్లకు దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు. పాత షరాబులకు ఏమాత్రం తీసిపోని బాధ్యత వాళ్లది. సూరత్‌లో జరిగిన అనర్థం అర్థం కావాలంటే ముందు వాళ్ల పని ఏమిటో అర్థం కావాలి.

తెలుగువాళ్లకు సూరత్ పరాయి ఊరు కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల్లో మగ్గం ఆగిపోయిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా అక్కడి మరమగ్గాల మీదికి చేరుతూనే ఉన్నాయి. లింబాయత్, ఉధ్నా వైపు వెళ్తే తెలుగు మాట వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. మన ఊళ్ల బట్టల షాపుల్లో రోజూ కట్టుకునే చీరల్లో సగానికి పుట్టిల్లు అక్కడి రింగ్ రోడ్డు మార్కెట్టే అనిపిస్తుంది. ఇక వజ్రాల సంగతి చెప్పక్కర్లేదు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఆ ఊరి కార్ఖానాల మీదుగానే పోతాయని లెక్క. సౌరాష్ట్ర పల్లెల నుంచి వలస వచ్చిన పాటీదార్లు వరాఛా, కతార్‌గామ్ పేటల్లో ఆ పరిశ్రమను నిలబెట్టారు. మహీధర్‌పురా సందుల్లో ఇప్పటికీ కాగితం పొట్లాల్లో లక్షల సరుకు చేతులు మారుతుంది. రసీదు ఉండదు, మాటే రసీదు. అలాంటి ఊరికి 2016 నవంబరు 8 రాత్రి పిడుగు పడ్డట్టయింది. 500, 1000 రూపాయల నోట్లు చెల్లవన్న ప్రకటన వచ్చింది. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ నోట్లే.

సరిగ్గా ఆ నెలలోనే బిట్‌కనెక్ట్ మొదలైంది.

బిట్‌కనెక్ట్ వ్యవస్థాపకుడిగా అమెరికా ప్రభుత్వ అభియోగ పత్రాల్లో ఉన్న పేరు సతీష్ కుంభాణీది. సూరత్ మనిషి. పథకం వినడానికి తేలిక. ముందు బిట్‌కాయిన్లు ఇచ్చి బిట్‌కనెక్ట్ నాణేలు కొనాలి. వాటిని మళ్లీ ఆ సంస్థకే అప్పుగా ఇవ్వాలి. వాళ్ల దగ్గర ఒక ‘ట్రేడింగ్ బాట్’ ఉందనీ, బిట్‌కాయిన్ ధర పడినా లేచినా ఆ ఒడుదొడుకుల్లోంచి అది లాభం పిండుతుందనీ చెప్పారు. నెలకు 40 శాతం దాకా రాబడి అన్నారు. 100 డాలర్ల నుంచి 1000 డాలర్ల దాకా పెట్టినవాళ్లకు అసలు 299 రోజుల తర్వాత వెనక్కి వస్తుంది. 10 వేల డాలర్లు దాటితే 120 రోజులకే వస్తుంది, పైగా రోజుకు పావు శాతం అదనం. మరొకరిని చేర్పిస్తే కమీషను, ఆ మరొకరు ఇంకొకరిని చేర్పిస్తే అందులోనూ వాటా. గొలుసుకట్టు వ్యాపారాల దెబ్బ తిన్న తెలుగు జిల్లాల పాఠకులకు ఈ పద్ధతి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. వాళ్ల సైటులో చూపించిన రాబడి సగటున రోజుకు 1 శాతం. చక్రవడ్డీ వేస్తే ఏడాదికి 3,700 శాతం అవుతుందని అమెరికా సెక్యూరిటీల సంస్థ తర్వాత లెక్క కట్టింది.

ఇక్కడ రెండు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఈ సంగతి పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు గాని కథకు ప్రాణం అదే. మొదటిది నాణేనిది: కంప్యూటర్‌లో పెట్టుకునే వాలెట్, చెల్లింపుల గొలుసును (బ్లాక్‌చెయిన్‌ను) నడిపించే క్లయింట్. దాని సోర్సు కోడ్ అందరికీ తెరిచే పెట్టారు. బిట్‌కాయిన్ కుటుంబపు కోడ్ అది. అలాంటి నాణేలు అప్పటికే వందల్లో ఉన్నాయి. పాత కోడ్ తెచ్చుకుని, పేరూ బొమ్మా మార్చి, కొన్ని అంకెలు సవరిస్తే కొత్త నాణెం పుట్టేది. రెండోది ఆ ట్రేడింగ్ బాట్. దాని కోడ్ ఒక్క వాక్యం కూడా ఎవరూ చూడలేదు. ‘ఓపెన్ సోర్స్ నాణెం’ అన్న మాట ప్రచారంలో గట్టిగా వినిపించింది. తెరిచి ఉన్నది వాలెట్ మాత్రమే. డబ్బు పుట్టిస్తానన్న భాగానికి తాళం వేసి ఉంది. తెరిచి ఉన్నదాన్ని చూపించి మూసి ఉన్నదాన్ని నమ్మించారు. కోడ్ చదవగలవాళ్లకు చదవాలనిపించలేదు, డబ్బు పెట్టినవాళ్లకు చదవడం రాదు.

అసలు తెరిచి ఉన్న కోడ్ మనల్ని ఎలా కాపాడుతుంది? దానంతట అది కాపాడదు. చదివేవాళ్లుంటేనే కాపాడుతుంది. ఈ మాట ఊరికే అంటే నిలవదు గనుక బిట్‌కాయిన్ చరిత్రలో మూడు రాత్రుల గురించి చెబుతాను.

బిట్‌కాయిన్ క్లయింట్ అంటే ఒక ప్రోగ్రామ్. దాన్ని నడిపే ప్రతి కంప్యూటర్‌నూ నోడ్ అంటారు. ప్రతి నోడ్ దగ్గరా మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా జరిగిన అన్ని చెల్లింపుల చిట్టా ఉంటుంది. కొత్త బ్లాక్ (ఒక విడత చెల్లింపుల కట్ట) రాగానే ప్రతి నోడ్ సొంతంగా తనిఖీ చేస్తుంది: సంతకం సరైనదేనా, ఉన్న నాణేన్నే ఖర్చుపెట్టారా, ఒకే నాణేన్ని రెండుసార్లు వాడలేదు కదా? తప్పుంటే ఆ బ్లాక్‌ను పక్కన పడేస్తుంది. పైన హెడ్డాఫీసు లేదు, మేనేజరు లేడు. వేల కంప్యూటర్లు విడివిడిగా లెక్క చూసి ఒకే జవాబుకు రావాలి. సతోషి నకమోతో అన్న మారుపేరుతో ఎవరో 2009 జనవరిలో దీని మొదటి రూపాన్ని విడుదల చేశారు. ఆ కోడ్‌లోనే తప్పుంటే ఏమవుతుందో ఏడాదిన్నర దాటగానే తెలిసింది.

2010 ఆగస్టు 15న 74,638వ నంబరు బ్లాక్‌లో ఒక విచిత్రమైన చెల్లింపు కనిపించింది. బిట్‌కాయిన్లు మొత్తం 2.1 కోట్లకు మించి ఎప్పటికీ ఉండకూడదని నియమం. ఆ ఒక్క చెల్లింపులో 18,400 కోట్లకు పైగా నాణేలు పుట్టాయి. రెండు పెద్ద సంఖ్యలు కలిపినప్పుడు కంప్యూటర్ లెక్క అంచు దాటి తిరగబడింది. మొత్తం చిన్నదిగా కనిపించడంతో తనిఖీ దాన్ని దాటనిచ్చింది. కొన్ని గంటల్లోనే సవరించిన ప్రోగ్రామ్ వచ్చింది. జనం దాన్ని ఎక్కించుకున్నారు, మంచి గొలుసు చెడ్డ గొలుసును దాటిపోయింది, ఆ నాణేలు లేనట్టే అయ్యాయి. అప్పటికి బిట్‌కాయిన్ ధర కొన్ని సెంట్లు. ఊరు చిన్నది కాబట్టి మంట త్వరగా ఆరింది.

రెండో రాత్రి 2013 మార్చి 11. దీని దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడాది వచ్చిన 0.8 రూపంలో లోపలి డేటాబేస్‌ను మార్చారు. పాతది బర్క్‌లీ డీబీ, కొత్తది లెవెల్ డీబీ. పీటర్ వుయ్లే అనే బెల్జియం ప్రోగ్రామర్ చేసిన పని, చాలా మంచి పని. నోడ్‌లు ఎన్నో రెట్లు వేగంగా నడవసాగాయి. నియమాలు ఒక్కటీ మార్చలేదు. మార్చలేదనే అందరూ అనుకున్నారు. ఆ రాత్రి 225,430వ బ్లాక్ వచ్చింది. మామూలు కంటే ఎక్కువ చెల్లింపులున్న పెద్ద బ్లాక్. 0.8 నోడ్‌లు దాన్ని ఒప్పుకున్నాయి. పాత 0.7 నోడ్‌లు తోసిపుచ్చాయి. ఎందుకంటే పాత డేటాబేస్ ఒకేసారి ఇన్ని తాళాలే వేయగలదన్న పరిమితి ఒకటి ఉంది. అది బిట్‌కాయిన్ నియమాల్లో ఎక్కడా రాయలేదు. సతోషికి తెలుసన్న ఆధారం లేదు, తర్వాత వచ్చినవాళ్లకూ తెలియదు. ఎవరికీ తెలియని ఆ పరిమితి నాలుగేళ్లుగా మౌనంగా నియమంలా పనిచేస్తూ ఉంది. కొత్త ప్రోగ్రామ్ దాన్ని తీసేయగానే గొలుసు రెండుగా చీలింది. ఒకే చిట్టాకు రెండు ఆవర్జాలు తయారయ్యాయి. ఒకదాని ప్రకారం చెల్లింపు జరిగింది, రెండోదాని ప్రకారం జరగలేదు.

అప్పుడు తీసుకున్న నిర్ణయం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. మెరుగైన ప్రోగ్రామ్ 0.8. ఎక్కువ గణన శక్తీ దాని వైపే ఉంది. అయినా ప్రోగ్రామర్లు, ‘గనులు’ నడిపేవాళ్లు (కొత్త బ్లాకులు తయారుచేసి బహుమానంగా నాణేలు పొందేవాళ్లు) ఆన్‌లైన్‌లో ఒకచోట చేరి, పాత 0.7 వైపే వెనక్కి వెళ్లాలని తేల్చారు. కారణం ఒక్కటే: 0.8 నోడ్‌లు పాత గొలుసును కూడా ఒప్పుకుంటాయి, పాత నోడ్‌లు కొత్త గొలుసును ఎప్పటికీ ఒప్పుకోవు. ఇంకా పాతది వాడుతున్న దుకాణాలు, మారకం కేంద్రాలు తెలియకుండానే దారి తప్పిపోతాయి. బీటీసీ గిల్డ్ అనే పెద్ద గని నిర్వాహకుడు తన యంత్రాలను 0.7కు మార్చాడు. తన వాళ్లు అప్పటికే తవ్విన బ్లాకుల బహుమానం పోతుందని తెలిసీ మార్చాడు. 24 బ్లాకులు చెత్తబుట్ట పాలయ్యాయి, కొన్ని గంటల్లో గొలుసు ఒక్కటైంది. అతన్ని ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఆజ్ఞాపించే అధికారం ఎవరికీ లేదు. క్లయింట్‌ను మెయింటైన్ చేయడమంటే ఇదీ. కొత్త సదుపాయాలు చేర్చడం అందులో చిన్న భాగం. పాత ప్రోగ్రామ్ ఎక్కడెక్కడ ఏ రాయని నియమాల మీద నిలబడి ఉందో తవ్వి తీయడం, మార్చేటప్పుడు వెనక ఉన్నవాళ్లను వదిలేయకపోవడం పెద్ద భాగం.

2014లో ఆ ప్రోగ్రామ్‌కు బిట్‌కాయిన్ కోర్ అని పేరు పెట్టారు. నెదర్లాండ్స్‌కు చెందిన వ్లాడిమిర్ వాన్ డెర్ లాన్ ఏళ్ల తరబడి ప్రధాన మెయింటైనర్‌గా ఆ బరువు మోశాడు. మెయింటైనర్ చేతిలో ఉండే అధికారం చాలా చిన్నది. నలుగురూ చదివి సరే అన్న మార్పును అసలు కోడ్‌లో కలపడం, అంతే. మార్పు ప్రతిపాదించిన మనిషి ఎవరైనా కావచ్చు. మిగతావాళ్లు ఆ వాక్యాలు చదువుతారు, తమ కంప్యూటర్‌లో నడిపి చూస్తారు, విరగ్గొట్టడానికి ప్రయత్నిస్తారు, ఆపైన ‘ఏసీకే’ అని రాస్తారు. చదివి ఒప్పుకుంటున్నానని అర్థం. ఏ ప్రతిని చదివారో దాని గుర్తు సంఖ్యతో సహా రాస్తారు. ఒక్కోసారి పది వాక్యాల మార్పుకు నెలలు పడుతుంది. విడుదల చేసేటప్పుడు వేర్వేరు దేశాల్లో కొందరు అదే సోర్సు నుంచి ఎవరికి వారు ప్రోగ్రామ్ తయారుచేసి, ఫలితం అక్షరం పొల్లుపోకుండా ఒకటే వచ్చిందని సంతకం చేస్తారు. నడిమధ్యలో ఎవరూ దొంగ కోడ్ దూర్చలేదని చూపడానికి ఇంత శ్రమ. దీనికి జీతమిచ్చే కంపెనీ అంటూ ఒకటి లేదు. ఎంఐటీ వంటి విశ్వవిద్యాలయం, కొన్ని లాభాపేక్ష లేని సంస్థలు, కొన్ని కంపెనీలు ఇచ్చే గ్రాంట్లతో కొందరు, సొంత తీరికలో చాలామంది చేస్తున్నారు.

ఇంత జాగ్రత్తలోనూ తప్పు జరిగింది. అదే మూడో రాత్రి కథ. అది మొదలైంది కూడా 2016 చివర్లోనే, సూరత్‌లో బిట్‌కనెక్ట్ నాణేలు అమ్ముడుపోతున్న రోజుల్లోనే. బ్లాక్‌ను తనిఖీ చేసేటప్పుడు ఒక చెల్లింపు ఒకే నాణేన్ని తన లోపలే రెండుసార్లు లెక్క వేసిందా అని చూసే చిన్న పరీక్ష ఉండేది. ఆ పని ఎలాగూ మరోచోట జరుగుతోంది, రెండుసార్లెందుకు, వేగం తగ్గుతుందని దాన్ని తీసేశారు. చదివినవాళ్లంతా ఉద్దండులే, ఎవరికీ అనుమానం రాలేదు. 2017 మార్చిలో 0.14 రూపంలో అది బయటికి వచ్చింది. ఆ రూపంలో అలాంటి దొంగ చెల్లింపు ఉన్న బ్లాక్ వస్తే నోడ్ ఆగిపోయేది. 0.15 నుంచి ఇంకో మార్పు కలిసి మరింత ప్రమాదమైంది. ఆగిపోవడం కాదు, లేని నాణేలను ఉన్నట్టుగా ఒప్పుకునేది. రెండు కోట్ల పది లక్షల హద్దుకు అర్థం లేకుండా పోయే బొక్క అది. తనిఖీ తీసేయడంతో మొదలైన లోపం ఏడాదిన్నర పాటు అందరి కళ్ల ముందే ఉంది.

2018 సెప్టెంబరు 17న అవెమనీ అన్న మారుపేరుతో పనిచేసే ఒక ప్రోగ్రామర్ దాన్ని పట్టుకున్నాడు. అతను బిట్‌కాయిన్ కోర్ మనిషి కాదు. వాళ్లతో గట్టిగా తగవుపడి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ వర్గం వాడు. ఆ బొక్కను వాడుకుని సొమ్ము చేసుకోవచ్చు, బజారుకెక్కించి ప్రత్యర్థుల పరువు తీయవచ్చు. అతను అవేమీ చేయక, రహస్యంగా ఇరువర్గాల మెయింటైనర్లకూ కబురు పెట్టాడు. మర్నాడే 0.16.3 విడుదలైంది. నోడ్‌లు ఆగిపోయే ప్రమాదం ఉందని మాత్రం ముందు చెప్పారు. దొంగ నాణేల సంగతి రెండు రోజులు గుట్టుగా ఉంచి, చాలామంది కొత్తది ఎక్కించుకున్నాక పూర్తిగా బయటపెట్టారు. ఆ పాత తనిఖీ తిరిగి వచ్చింది. బిట్‌కాయిన్‌లో ఒక్క నాణెమూ పోలేదు.

బిట్‌కాయిన్ కోడ్ తెచ్చుకుని సొంత పేర్లు పెట్టుకున్న చిన్న నాణేల పరిస్థితి వేరు. పీజియన్‌కాయిన్ అని ఒకటుండేది. బిట్‌కాయిన్ కోర్ వాళ్లు విడుదల చేసిన సవరణ వాళ్ల ప్రతిలోకి వేళకు చేరలేదు. వార్త బయటపడ్డ కొద్ది రోజులకే ఎవరో అదే బొక్కలోంచి 23.5 కోట్ల నాణేలు సృష్టించుకున్నారు. అప్పటికి ఉన్న మొత్తంలో పావు వంతు. విత్తనం పొరుగు చేనిదే కావచ్చు, కలుపు తీయాల్సింది మాత్రం ఎవరి చేలో వాళ్లే. కోడ్‌ను కాపీ చేయడం ఒక పూట పని. మూల కోడ్‌లో ప్రతి వారం వచ్చే మార్పుల్లో ఏది తమకు అవసరమో చదివి, సరిచూసి, తెచ్చుకోవడం నాణెం బతికున్నంత కాలం చేయాల్సిన పని. 2013–2017 మధ్య పుట్టిన వందల నాణేలకు ఆ పని చేసే మనిషి లేడు. బిట్‌కనెక్ట్ ఆ గుంపులో పుట్టింది. దాని వెనక పథకం పెద్దదైంది, ధర వందల డాలర్లకు పోయింది, మొత్తం విలువ ఒక దశలో 340 కోట్ల డాలర్లకు చేరిందని అమెరికా న్యాయశాఖ చెబుతుంది. అంత విలువ మోస్తున్న గొలుసును చదివేవాళ్ల సమూహం, తప్పు పడితే కబురు పెట్టే పొరుగువాళ్లు, ‘ఏసీకే’ రాసే అపరిచితులు దాని చుట్టూ పెరగలేదు. దాని చుట్టూ పెరిగింది కమీషన్ల కోసం ఊళ్లు తిరిగిన ప్రచారకుల దండు. 2017 అక్టోబరులో థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో వాళ్లు పెద్ద సంబరం చేసుకున్నారు. ఆ నెల తిరిగాక ఎథీరియం సృష్టికర్త విటాలిక్ బుటెరిన్ బహిరంగంగానే అన్నాడు: రోజుకు ఒక శాతం ఇస్తామంటే అది పొంజీ పథకమేనని. డబ్బు పెట్టినవాళ్ల చెవికి అది ఎక్కలేదు.

2018 జనవరి 4న టెక్సస్ రాష్ట్ర సెక్యూరిటీల బోర్డు అత్యవసర నిషేధం జారీ చేసింది. కొద్ది రోజులకే నార్త్ కరోలినా అదే చేసింది. 16న బిట్‌కనెక్ట్ తన అప్పుల పథకాన్ని, మారకం కేంద్రాన్ని మూసేసింది. అప్పిచ్చిన డాలర్లను నాణేలుగా మార్చి చేతిలో పెట్టింది. ఆ నాణెం ధర ఒక్క పూటలో 90 శాతం దాకా పడిపోయింది. నోట్ల రద్దు నాటి దెబ్బ నుంచి తేరుకోవాలని దీంట్లో పెట్టినవాళ్లు నిండా మునిగారు.

సూరత్‌లో ఆపైన జరిగింది కోర్టు రికార్డుల్లో చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. పెట్టుబడి పోగొట్టుకున్న ఒక సూరత్ బిల్డరు, బిట్‌కనెక్ట్ మనుషుల్ని ఎత్తుకెళ్లి 2,091 బిట్‌కాయిన్లు, 11 వేల లైట్‌కాయిన్లు, 14.5 కోట్ల రూపాయల నగదు గుంజాడని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ఆరోపణ. అది తెలిసిన అమ్రేలీ జిల్లా పోలీసులు 2018 ఫిబ్రవరిలో ఆ బిల్డర్నే ఎత్తుకెళ్లారు. కంచే చేను మేసింది. 2025 ఆగస్టులో అహ్మదాబాద్ ప్రత్యేక కోర్టు మాజీ ఎమ్మెల్యే నళిన్ కోటడియా, అప్పటి అమ్రేలీ ఎస్పీ జగదీష్ పటేల్ సహా 14 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. వాళ్లలో 11 మంది పోలీసులు. హుండీ మీద నడిచిన ఊరు అది. మాట తప్పితే బజార్లో పరువు పోతుందన్న భయం ఒక్కటే చట్టంగా వందల ఏళ్లు వ్యాపారం చేసిన ఊళ్లో, పేరూ లేక కోడ్ చదివేవాడూ లేక మధ్యలో చిక్కిన సొమ్ము కోసం తుపాకులు వచ్చాయి.

గుజరాత్ కథ ఇంతటితో అయిపోయిందనుకుంటే ఆ రాష్ట్రానికి అన్యాయం చేసినట్టే. బిట్‌కనెక్ట్ వెలుగుతున్న 2017లోనే జయంతీ కనానీ, సందీప్ నైల్వాల్, అనురాగ్ అర్జున్ అనే ముగ్గురు మ్యాటిక్ అన్న గొలుసు మొదలుపెట్టారు. తర్వాత దాని పేరు పాలిగాన్ అయింది. కనానీ తండ్రి అహ్మదాబాద్ వజ్రాల కార్ఖానాలో కార్మికుడు. వీళ్లూ ఇతరుల కోడ్ మీదే కట్టారు. బోర్ అనే క్లయింట్‌ను ఎథీరియం వారి గెత్ నుంచి, హైమ్‌డాల్‌ను కాస్మాస్ కుటుంబపు కోడ్ నుంచి తయారుచేశారు. తేడా ఎక్కడంటే వీళ్లు దాన్ని తమ ఇంటిపనిగా పెట్టుకున్నారు. మూల కోడ్‌లో వచ్చే మార్పులు తెచ్చుకోవడానికి, సొంత కోడ్ పరీక్షించడానికి, తప్పు చూపినవాళ్లకు బహుమానం ఇవ్వడానికి ఏర్పాట్లు చేసుకున్నారు.

దాని పరీక్ష 2021 డిసెంబరు 3న వచ్చింది. గొలుసు పుట్టినప్పుడే అందులో నాటిన నాణేల కాంట్రాక్టులో, అంటే బదిలీలు చూసే ప్రోగ్రామ్‌లో, పంపేవాడి దగ్గర అంత నిల్వ ఉందా అని చూసే తనిఖీ లేదని ఒక పరిశోధకుడు పసిగట్టి చెప్పాడు. మొత్తం 1,000 కోట్ల నాణేల్లో 927 కోట్లు ఎవరైనా ఊడ్చుకుపోవచ్చు. రెండు రోజుల్లో సవరణ తయారై, నోడ్‌లు నడిపేవాళ్లకు చేరి, 5వ తేదీన అమల్లోకి వచ్చింది. ఈలోపు ఒక దొంగ 8,01,601 నాణేలు పట్టుకుపోయాడు. ఆ నష్టాన్ని సంస్థే భరించింది. కారణం చెప్పకుండా మార్పు చేయించారని అప్పట్లో విమర్శలు వచ్చాయి, నెలాఖరున పూర్తి వివరం ప్రకటించారు. ముందే చెబితే దొంగలకు దారి చూపినట్టు, చెప్పకపోతే నోడ్ నడిపేవాడికి ఏమి ఎక్కిస్తున్నాడో తెలియనట్టు. 2018లో బిట్‌కాయిన్ వాళ్లు చేసినంత చెప్పడం నా దృష్టిలో మేలైన దారి. నోడ్‌లు ఆగిపోయే ప్రమాదం ఉందని ముందు చెప్పారు, దొంగ నాణేల సంగతి తర్వాత చెప్పారు. అయితే రెండు రోజుల్లో అంత పెద్ద బొక్క పూడ్చడం మాత్రం తక్కువ పని కాదు.

మన హైదరాబాద్ పేరు కూడా ఈ చోట రాయాలి. విట్‌విట్ అనే సంస్థ ఇంజనీర్లు రీజెన్ నెట్‌వర్క్ వారితో కలిసి కాస్మాస్ ఎస్‌డీకే అనే ఓపెన్ సోర్స్ కోడ్‌ను ఏళ్ల పాటు కనిపెట్టుకుని ఉన్నారు. దాని మీద ఎన్నో గొలుసులు కట్టారు. 2021 ఆగస్టులో వచ్చిన 0.43 రూపంలోని రెండు భాగాల్లో వాళ్ల చేయి ఉంది. ఒకటి, నా ఖాతా నుంచి ఫలానా పని మాత్రం నువ్వు చేయవచ్చని మరొకరికి పరిమిత అధికారం ఇవ్వడం. రెండోది, ఒకరి చెల్లింపుల రుసుము మరొకరు కట్టడం. పాత కొఠీల్లో గుమాస్తాకు యజమాని ఇచ్చే ముక్త్యారునామా లాంటి వ్యవహారమే ఇప్పుడు ఎక్కడో ఎవరో నడిపే గొలుసుల్లో ఆ కోడ్ రూపంలో పనిచేస్తోంది. వాడేవాళ్లకు ఆ ఇంజనీర్ల పేర్లు తెలియవు. కోడ్ చరిత్రలో ఏ వాక్యం ఎవరు ఏ రోజు రాశారో మాత్రం ఎవరు వెతికినా దొరుకుతుంది.

బిట్‌కనెక్ట్ లెక్క ఇంకా తేలలేదు. అమెరికా ప్రచారకుడు గ్లెన్ అర్కారో 2021 సెప్టెంబరులో నేరం ఒప్పుకున్నాడు, మరుసటి ఏడాది 38 నెలల శిక్ష పడింది. అతని నుంచి స్వాధీనం చేసుకుని అమ్మిన 5.6 కోట్ల డాలర్ల క్రిప్టోలోంచి 1.7 కోట్లు 40కి పైగా దేశాలకు చెందిన సుమారు 800 మంది బాధితులకు పంచాలని 2023 జనవరిలో కోర్టు ఆదేశించింది. కుంభాణీ మీద 2022 ఫిబ్రవరిలో 240 కోట్ల డాలర్ల మోసం అభియోగం నమోదైంది. అతను భారత్ విడిచి వెళ్లిపోయినట్టుందని అమెరికా అధికారులు అప్పట్లో కోర్టుకు చెప్పారు. 2025 ఫిబ్రవరిలో ఈడీ అహ్మదాబాద్ అధికారులు ఈ కేసులో 1,646 కోట్ల రూపాయల విలువైన క్రిప్టో స్వాధీనం చేసుకున్నారు. లెక్కలేనన్ని వాలెట్ల మధ్య తిప్పి తిప్పి దాచిన సొమ్మును ఒక్కో చెల్లింపూ పట్టుకుని వెనక్కి నడిచి వెతికామని వాళ్లు చెప్పారు. అలా నడవగలిగారంటే బిట్‌కాయిన్ గొలుసులో 2016 నవంబరు నాటి చెల్లింపులు కూడా చెక్కుచెదరకుండా, ఏ నోడ్‌లో చూసినా ఒకేలా ఉండబట్టే. 2013లో రెండు ఆవర్జాలుగా చీలిన రాత్రీ, 2018లో దొంగ నాణేలకు తలుపు తెరుచుకోబోయిన రాత్రీ మరోలా ముగిసి ఉంటే, అహ్మదాబాద్ కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి ఆ చిట్టా ఇంత నమ్మకంగా మిగిలేది కాదేమో.

(వచ్చే సంచికలో: 2016 సెప్టెంబరులో షాంఘై సభ జరుగుతుండగా ఎథీరియం నోడ్‌లు కూలిన ఉదయం, ఒకే గొలుసుకు వేర్వేరు బృందాలు వేర్వేరు క్లయింట్లు ఎందుకు రాస్తాయి)